తివాచీలు మింగిన గాలి

పోయిన నెల రెడ్డెమ్మ మా ఇంటికి వచ్చింది. కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేసినవాళ్లం మేమిద్దరం. నేను డ్రైవర్ని, ఆమె వంటా ఇంటిపనీ. ఇప్పుడు ఆమె కూతురు అక్కడే వేరే ఇంట్లో పనిచేస్తోంది. ఆ అమ్మాయి ఫోనుకు పంపిన ఒక వీడియో చూపించడానికే రెడ్డెమ్మ మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు మారి వచ్చింది. మంచినీళ్లయినా తాగకుండా ఫోను నా చేతిలో పెట్టి, "సూడు ఖాదరన్నా, మన బాబా. ఎట్ల ముసిలోడైపోయినాడో" అంది. బాబా అంటే మా యజమాని. కువైట్ ఇళ్లలో పనివాళ్లు యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తారు. వీడియోలో ఆయన తెల్లటి దిష్‌దాషా, అంటే అక్కడి మగవాళ్ల పొడుగు అంగీ, వేసుకుని, బంగారు రంగు అంచున్న సోఫాలో కూర్చుని, ఎవరో కుర్రవాడు అడుగుతుంటే ఇరాక్ సైన్యం వచ్చిన రోజుల గురించి చెబుతున్నాడు. వెనక గోడకి ఎర్రటి పట్టు తివాచీ వేలాడుతోంది. వంశంలో వస్తున్న తివాచీలను సైనికుల కంటపడకుండా ఇంట్లోనే దాచి, తన తెలివితో ఎలా కాపాడాడో వర్ణిస్తున్నాడు. చివర లేచి, తివాచీ మూలన ఉన్న రూపాయి బిళ్లంత నల్ల మచ్చ మీద వేలు పెట్టి, ఇది శత్రువు చేసిన గాయం అన్నాడు. గొంతు కూడా కాస్త వణికించాడు.

నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద ముందు ఎంతో కొంత గౌరవం ఉండాలి. ఆ వీడియోలో దాడి ఉంది, సైన్యం ఉంది, వంశగౌరవం ఉంది, తివాచీ ఉంది. వాళ్లమ్మ ఒక్క మాటలో కూడా లేదు. ఆ ముసలామెను మేం పెద్ద మామా అని పిలిచేవాళ్లం. సైన్యం ఉన్న ఆ చలికాలం ఆ ఇంట్లో ఏం జరిగిందో ముగ్గురికే తెలుసు. పెద్ద మామా ఇప్పుడు లేదు. రెడ్డెమ్మకి రాయడం రాదు. ఇక మిగిలింది నేను.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో జరిగింది. దినపత్రికల బల్ల చుట్టూ బీడీ కంపు కొట్టే పెద్దమనుషులను దాటుకుని లోపలికి పోతే గోడవార మూడు బీరువాలు ఉండేవి. వాటిని పై అర నుంచి కింది అరకి, వరస తప్పకుండా చదివాను. పశువైద్యం, ఓడల నిర్మాణం, జ్యోతిషం, పిల్లల సైన్సు, దేన్నీ వదల్లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా అక్కడే నేర్చుకున్నాను. సాయంత్రం తాళం వేసే ముందు లైబ్రేరియన్ సారు నా బల్ల దగ్గరికి వచ్చి దగ్గేవాడు, నేను అప్పుడు లేచేవాణ్ణి. ఈ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను. డిగ్రీలున్నవాళ్లను ఆ తర్వాత చాలామందిని చూశాను, వాళ్ల ముందు తల దించుకోవాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

బాబా అలాంటి డిగ్రీవాడు. ఆయన దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే ముందుగదిలో, ఒక గోడంతా పుస్తకాలే. తోలు అట్టలు, మెరిసే అక్షరాలు, అన్నీ ఒకటే ఎత్తు. గోడ కొలత ఇచ్చి తెప్పించాడని వంటింట్లో చెప్పుకునేవాళ్లు. దుమ్ము తుడుస్తూ తీసి చూస్తే చాలావాటి పుటలు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. చలిదేశంలో చదువుకొచ్చినందుకు గుర్తుగా ఆయన తెచ్చుకున్నవి రెండు, ఈ పుస్తకాల గోడ ఒకటి, ఇల్లంతా వేడిచేసే డీజిల్ ఫర్నేసు ఇంకొకటి. ఏడాదిలో రెండు నెలలు చలి వేసే ఊళ్లో, పక్కిళ్లవాళ్లు చిన్న కరెంటు హీటరుతో గడిపేస్తుంటే, ఈయన ఇంటి వెనక ఒక గది కట్టించి అందులో ఆ ఇనుప ఏనుగును పెట్టించాడు. హాల్లో గోడ కింద మంచమంత వెడల్పు ఇనుప జాలీ ఉండేది. ఇంట్లో చల్లబడిన గాలి దాని గుండా గోడ వెనక సొరంగంలోకి పోయి, ఫర్నేసు దగ్గర ఫిల్టరులో వడకట్టుకుని, వేడెక్కి, మళ్లీ గొట్టాల్లో గదులకు వచ్చేది. అతిథులు వస్తే భోజనాలయ్యాక ఆ గది చూపించడం ఒక తంతు. దాని మీట ఎటు తిప్పాలో మాత్రం ఆయనకి తెలియదు. ఏటా చలికి ముందు కంపెనీ మనిషి వచ్చి శుభ్రం చేసి వెలిగించి పోయేవాడు. అతను పని చేసినంతసేపూ నేను పక్కన నిలబడి చూసేవాణ్ణి.

పెద్ద మామా ఆ ఫర్నేసును మకీనా అనేది. ఆమెకి అక్షరం రాదు. తెల్లవారకముందే లేచి నమాజు చేసుకుని, చిన్న మట్టి కుంపటిలో రెండు బొగ్గులు రాజేసి, వాటి మీద ఊదు చెక్క వేసి, ముసుగు అంచులకు ఆ పొగ పట్టించుకునేది. తర్వాత బొటనవేలంత గాజు గ్లాసులో ఏలకుల టీ. రెండో గ్లాసు రెడ్డెమ్మకి, మూడోది నాకు. యజమానురాలు పనివాళ్లకి తన చేత్తో టీ పోయడం కోడలికి నచ్చేది కాదు, ముసలామె ఆ అయిష్టాన్ని పట్టించుకునేది కాదు. నేను ముందుగదిలో పుస్తకం తెరిచి నిలబడితే చూసి, తిట్టకుండా, "మావాడు కొన్నాడు. నువ్వు చదువు. ఎవరో ఒకరు చదవాలి కదా" అనేది.

సైన్యం వచ్చిన మూడో వారమో నాలుగో వారమో, బాబా ఒక ఉదయం మా ఇద్దరినీ రొట్టెల కోసం జమియాకి, అంటే పేట సహకార దుకాణానికి, పంపాడు. ఆ రోజుల్లో రొట్టెల వరసలో నిలబడితే పూట గడిచిపోయేది. తిరిగొచ్చేసరికి హాలు ఎందుకో పెద్దదైనట్టు కనిపించింది. నేల మీద తివాచీలు లేవు. జాలీ ముందు ఎప్పుడూ లేని సోఫా ఒకటి జరిపి ఉంది. తివాచీలు ఏవి అని అడిగే చనువు మాకు లేదు. కారులో వేసుకుని ఉంటాడనుకున్నాం. మర్నాడు భార్యాపిల్లలతో ఎడారి దారిన సౌదీకి వెళ్లిపోయాడు. పెద్ద మామా ఆయాసపు మనిషి, ఆ ఎండలో ఇసుక దారిని తట్టుకోలేదు, దారి కుదిరాక పిలిపిస్తానన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు నమ్మకస్తుడివి. మా అమ్మను నీకు అప్పగిస్తున్నా" అన్నాడు. మా పాస్‌పోర్టులున్న బీరువా తాళంచెవి మాత్రం జేబులో వేసుకుపోయాడు. మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటలో అందరూ మూటలు కట్టుకుని బస్సులెక్కుతుంటే నాకూ పోవాలనే ఉండింది. రెడ్డెమ్మే కదల్లేదు. "ముసలామెను గోడలకు అప్పజెప్పి యాడికి పోతామన్నా" అంది. నేను వీరుణ్ణేమీ కాదు, ఆ మాట విన్నాక పోవడానికి సిగ్గేసింది, అంతే.

తర్వాత సైనికులు ఇల్లు వెతికారు. కారు, టీవీ, పిల్లల సైకిళ్లు, పెద్ద మామా గదిలోని రెండు కరెంటు హీటర్లు పట్టుకుపోయారు. పుస్తకాల గోడ ముందు ఒకడు కాసేపు నిలబడి, ఒకటి తీసి, పుటలు విడిపోకపోతే తిరిగి పెట్టేశాడు. చలి మొదలవగానే ముసలామెకి దగ్గు పట్టుకుంది. పక్క వీధి క్లినిక్‌లో ఒక్క డాక్టరు మిగిలి ఉన్నాడు. మందులు లేవని చేతులు చూపించాడు. కిరోసిన్ పొయ్యి గదిలో పెట్టొద్దు, పొగకి ఊపిరి ఆడదు, గది వెచ్చగా ఉంచండి, చలి ఛాతీలోకి దిగితే ఈ మనిషి దక్కదు అన్నాడు. కంపెనీ మనిషి దేశం వదిలి పోయాడు. ఇక ఆ మకీనా ఉంది, నేను ఉన్నాను.

ఫర్నేసు గదిలో రేకు పెట్టెలో దాని పుస్తకం దొరికింది. ఆ ఇంట్లో నేను కాక ఇంకెవరో విప్పి చదివిన ఇంగ్లీషు పుస్తకం అదొక్కటే, అంచుల మీద నూనె వేలిముద్రలున్నాయి. పెట్టెలో మిగిలిన కొత్త ఫిల్టరు పెట్టి, చూసి నేర్చుకున్న వరసలో మీటలు తిప్పాను. మంట అందుకుంది. ముసలామె గదిలో గొట్టం మూతి దగ్గర రెడ్డెమ్మ అరచెయ్యి పెట్టి, వస్తా ఉండాదన్నా అని కేకేసింది. పది నిమిషాల్లో మంట దానంతటదే ఆరిపోయింది. ఆ వచ్చే కాస్త వేడీ ఆగిపోయింది. అరగంటకి మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. ఫర్నేసు ఒళ్లు ముట్టుకోలేనంతగా కాలిపోతోంది, గదులు మాత్రం మంచులా ఉన్నాయి.

పుస్తకం వెనక దోషాల పట్టిక ఉంది. ఏం జరిగితే ఏం చూడాలో వరసగా రాశారు. నేను గ్రంథాలయం బీరువాలు చదివినట్టే చదివాను. గదిలో వేడి కొలిచే థర్మోస్టాట్ మూత విప్పి చూశాను, బాగుంది. డీజిలు ట్యాంకులో కర్ర ముంచితే సగానికి పైగా తడిసింది. అడుగున చేరిన నీళ్లు, బురద వంచేశాను. డీజిలు చిమ్మే నాజిలు విప్పి, రెడ్డెమ్మ పాత చీర ముక్కతో తుడిచాను. మంట చూసే కిటికీలోంచి చూస్తే పసుపుపచ్చగా నిండుగా ఉంది. పట్టికలో గాలి గురించి కూడా ఉంది, ఫర్నేసుకి గాలి చాలకపోతే వేడి లోపలే నిలిచిపోయి, కాపలా స్విచ్ మంటను ఆర్పేస్తుందని. ఫిల్టరు కొత్తది కదా అని ఆ వరసకి టిక్కు పెట్టేసి ముందుకు పోయాను. అక్కడ తప్పు చేశాను. ఈ రోజుకీ ఆ టిక్కు తలుచుకుంటే నా మీద నాకే ఏవగింపు. అది చదివినవాడి తప్పే గానీ పుస్తకం తప్పు కాదు.

వారం గడిచింది. ముసలామె దగ్గు కింది ఛాతీలోంచి రావడం మొదలైంది. రొట్టె ముట్టడం మానేసింది. మేం కప్పుకునే దుప్పట్లన్నీ ఆమె మీదే ఉన్నాయి. అప్పుడు సైకిలు మీద అబ్బాసియాకి పోయి ఓబులేసును తీసుకొచ్చాను. కడప మనిషి, ఏసీ మెకానిక్కు. అందరూ ఇంజనీరు అని పిలిచేవాళ్లు, ఆ పిలుపు మొదలుపెట్టింది అతనే. జనం ఖాళీ చేసి పోయిన ఫ్లాట్ల నుంచి ఏసీలు ఊడదీసుకుని ఒక గదినిండా పేర్చుకోవడానికే అతను దేశంలో ఉండిపోయాడు. అంత పెద్ద యుద్ధంలో తన వంతు పని అదేనని గట్టిగా నమ్మాడు. వచ్చీ రాగానే నా చేతిలో పుస్తకం చూసి పళ్లికిలించాడు.

"ఏం ఖాదరూ, సంసారం గూడా పుస్తకం జూసే చేస్తావా ఏంది?"

ఆ పట్టికైనా ఒకసారి చూడమన్నాను. తన వేళ్లే తనకి పట్టికన్నాడు. ఫర్నేసును రెండు వైపులా తట్టి, కాపలా స్విచ్ చూపించి, "ఇది ఖర్బాన్. దీన్ని పీకి డైరెక్టు కొట్టేస్తా. ఖలాస్" అన్నాడు. అది చెడిపోయిందని ఎట్లా తెలుసన్నాను. మంట ఆర్పుతోంది కాబట్టి చెడిపోయిందన్నాడు. కుక్క మొరుగుతోంది కాబట్టి దానికి పిచ్చెక్కిందనే రకం తర్కం. అయినా ముసలామె దగ్గు గోడ దాటి వినిపిస్తుంటే నేను అడ్డం పడలేకపోయాను. రెండు తీగలు మెలేసి కలిపాడు. మంట ఆగకుండా మండింది. కూలీగా బాబా బూట్లలో కొత్త జత ఏరుకుని, తొడుక్కుని, టకటకలాడించుకుంటూ పోయాడు. అతను వీధి చివర తిరిగాడో లేదో ఫర్నేసు ఒంటి మీద రంగు పొక్కులు లేచింది. హాల్లోంచి రెడ్డెమ్మ, "అన్నా, ప్లాస్టిక్కు కాలిన కంపు" అని అరిచింది. పరిగెత్తి మెయిన్ స్విచ్ లాగేశాను. ఇంకో గంట ఆగి ఉంటే ముసలామెకి చలి బాధ శాశ్వతంగా తీరిపోయి ఉండేది, మాతో కలిపి.

తీగలు విప్పి స్విచ్‌ను యథాస్థానంలో పెట్టాక, బకెట్ బోర్లించుకుని ఆ గదిలో కూర్చున్నాను. ఓబులేసును తిట్టుకోవడం అయిపోయాక, చెయ్యడానికి ఇంకేమీ లేక, ఫిల్టరు బయటికి లాగాను. తెల్లగా ఉంది. పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మొదట సంతోషించాను. తర్వాత దాన్నే చూస్తూ ఉండిపోయాను. కువైట్‌లో వారం రోజులు కదలకుండా ఉన్న ఏ వస్తువూ తెల్లగా ఉండదు. టీ గ్లాసులో, కనురెప్పల మీద, మూసిన పుస్తకం లోపల కూడా సన్నటి ఇసుక చేరుతుంది. ఇల్లంతటి గాలినీ వడకట్టాల్సిన గుడ్డ మీద నలుసైనా లేదంటే, దాన్లోంచి గాలే రావడం లేదన్నమాట. మా గ్రంథాలయంలో రెండో బీరువా కింది అరలో పిల్లల సైన్సు పుస్తకం, అందులో వెలిగే కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించిన బొమ్మ నా కళ్లముందుకి వచ్చింది. ఈ ఇంటి మీద ఎవరో గ్లాసు బోర్లించారు.

గాలి లోపలికి పోయే దారి చూడ్డానికి హాల్లోకి పోయి, జాలీ ముందున్న సోఫా జరిపాను. జాలీ మరలకున్న పాత రంగు పగిలి, గీతలు పడి ఉంది. నాలుగు మరలు తిప్పి జాలీ పక్కన పెట్టాం. సొరంగం నిండా, గాలి కాదుగదా చీమ కూడా దూరకుండా, తెల్ల ప్లాస్టిక్‌లో చుట్టి తాళ్లతో కట్టిన పొడుగాటి కట్టలు మూడు ఉన్నాయి. రెడ్డెమ్మ వెనక్కి పోయి గోడకి ఆనుకుంది. "శవాలన్నా" అంది, పెదవులు మాత్రమే కదిలాయి. ఆ రోజుల్లో ఆ అనుమానం రావడంలో వింత లేదు. ఒక కట్ట కొస పట్టి లాగితే ప్లాస్టిక్ చిరిగి ఎర్రటి పట్టు అంచు బయటపడింది.

కర్ర చప్పుడుకి తిరిగి చూస్తే పెద్ద మామా తలుపులో నిలబడి ఉంది. దగ్గుతూ, ఆగుతూ వచ్చి, ఆ అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. అది ఆమె పెళ్లికి వాళ్ల నాన్న ఇచ్చిన తివాచీ. నా వైపు తిరిగి అడిగింది.

"నీకు చెప్పాడా?"

"లేదు మామా."

"నాకూ చెప్పలేదు" అంది.

అమ్మను అప్పగించడానికి మేం నమ్మకస్తులం, తివాచీలు ఎక్కడున్నాయో చెప్పడానికి మాత్రం కాదు. అది నాకు వెంటనే తట్టింది, కానీ అది చిన్న అవమానం. పెద్దది ఆ ముసలామెకి జరిగింది. చలికాలం వస్తుందనీ, ఈ ఇల్లు వేడెక్కాలంటే ఈ సొరంగంలో గాలి పారాలనీ ఆ చలిదేశపు డిగ్రీవాడికి తెలియదా? తెలుసుకోవాలని తోచలేదు. తివాచీలకు చెమ్మ తగలకూడదని ప్లాస్టిక్ చుట్టడం తోచింది.

ఎక్కడ దాచమంటారు అని అడిగాను. పెద్ద మామా నా వైపు, తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "దాచడమెందుకు? తివాచీలు పరుచుకోవడానికే కదా. పరవండి" అంది. ఒకటి ఆమె మంచం కింద నేల మీద పరిచాం. ఒకటి ఉత్తరపు కిటికీకి కట్టాం. పెళ్లినాటిది ఆమె తన మంచం మీదే వేయించుకుంది. ఫర్నేసు వెలిగించాను. పది నిమిషాలయింది, ఇరవై అయింది, మంట ఆరలేదు. గొట్టం మూతి దగ్గర రెడ్డెమ్మ చెయ్యి పెట్టి, ఈసారి అక్కడే కూలబడి ఏడ్చింది. మూడో రోజు ఫిల్టరు లాగి చూస్తే బూడిదరంగులో మందంగా దుమ్ము. దాన్ని పట్టుకుపోయి ఇద్దరికీ చూపించాను. నా జీవితంలో దుమ్మును చూసి అంత సంబరపడిన రోజు ఇంకొకటి లేదు. ఆ వారమే ముసలామె టీ గ్లాసు తానే పట్టుకుంది.

యుద్ధం చివర్లో, సైనికులు తగలబెట్టిన నూనెబావుల పొగతో పగలు కూడా నల్లబడిన రోజుల్లో, కరెంటు పోయింది. కరెంటు లేకపోతే ఫర్నేసూ లేదు. అప్పటికి చలి కొంత తగ్గింది, ముసలామె ఆ తివాచీలోనే మెడ దాకా చుట్టుకుని కూర్చునేది. ఎవరెంత చెప్పినా తన కుంపటి మానలేదు. ఒక ఉదయం ముసుగుకి ఊదు పట్టించుకుంటుండగా నిప్పుకణిక జారి తివాచీ మూలన పడింది. రెడ్డెమ్మ గబుక్కున టీ గ్లాసు దాని మీద ఒంపింది. కాలిన పట్టు, ఏలకులు, ఊదు కలిసిన వాసన గదంతా లేచింది. రెడ్డెమ్మ తల పట్టుకుంటే పెద్ద మామా నవ్వడం మొదలుపెట్టింది. అన్ని నెలల్లో అదే మొదటి నవ్వు. "ఉండనీ. వాడు వచ్చాక లెక్క చూసుకుంటాడు" అంది.

ఇరాక్ సైన్యం పోయి కువైట్ విడుదలయ్యాక కొన్ని వారాలకి బాబా వచ్చాడు. పెద్ద మామా హాలు మూలన కుర్చీలో ఉంది. ఆమె ముందే మా ఇద్దరికీ గట్టిగా చెప్పి ఉంచింది, వాడు అడిగేదాకా ఎవరూ నోరు మెదపొద్దని. ఆయన గుమ్మం దాటి, హాలంతా ఒకసారి కలియజూసి, నేరుగా సోఫా దగ్గరికి పోయి జరిపాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. సౌదీ నుంచి ఆ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకునే వచ్చాడు. నాలుగు మరలూ విప్పి, తల లోపలికి పెట్టి చూసి, వెనక్కి తిరిగి నన్ను దొంగ అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. మూల నుంచి పెద్ద మామా, గొంతు పెంచకుండా, "అనా బాద్ హినీ" అంది. నేనూ ఇక్కడే ఉన్నాను అని. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకునే ఆమె వైపు తిరిగాడు. ముసలామె మళ్లీ అంది. "నన్ను కూడా ఈ ఇంట్లోనే పెట్టిపోయావు. ముందు ఏది వెతకాలో అదైనా తెలియలేదా?" అప్పుడు వచ్చి ఆమె నుదురు ముద్దు పెట్టుకున్నాడు. ముద్దు పెట్టుకుంటూనే ఆమె గది లోపల మంచం మీదున్న తివాచీని చూశాడు. నేను ఆయన కళ్లనే చూస్తున్నాను కాబట్టి చెప్పగలను.

నేను ఇంకో ఏడాది చేసి వచ్చేశాను. ఇప్పుడు మా ఊరి గ్రంథాలయంలో బీడీ కంపు లేదు, మనుషులూ లేరు, బీరువాలు రెండే మిగిలాయి. అప్పట్లో చదవనివాళ్లు కనీసం గోడ కొలత ఇచ్చి పుస్తకాలు తెప్పించుకునేవాళ్లు, చదవకపోవడం దాచుకోవాల్సిన విషయమని తెలిసేది. ఇప్పుడు దాచుకోవడం కూడా మానేశారు. కెమెరా ముందు కూర్చుని నోటికొచ్చింది చెప్పేస్తే అది చరిత్ర అయిపోతోంది. దాని కింద వేలమంది చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు.

పోయే ముందు రెడ్డెమ్మ, వీడియో కింద ఏమైనా రాయొచ్చంట కదా, నీకు చదువొచ్చు గదా, రాయి అంది. ఆయన చదవడు, వదిలెయ్ అన్నాను. ఆమె వదల్లేదు. వీడియోను ఆ చివర ఆపి, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. ముందు గోడ పోయింది, తర్వాత బాబా ముఖం పోయింది, వేలూ మచ్చా మిగిలాయి. మచ్చ చుట్టూ ఎర్ర పట్టు మీద లేత గోధుమరంగు మరక ఉంది. ఇన్నేళ్ల ఉతుకులకీ పోలేదు.

"నా టీ మరకన్నా" అంది రెడ్డెమ్మ. "నిప్పు పెద్ద మామాది."

ఆ వీడియోలో వాళ్లమ్మ లేదని పైన రాశాను. నేను సరిగ్గా చూడలేదు. ఉంది, ఆయన వేలి కిందే.